ప్రయోగశాల లేని ప్రయోగ విద్య: విశ్వవిద్యాలయ పాలకులకు బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల పాలకవర్గాలకు, పాఠ్యప్రణాళికలు ఖరారు చేసే సంఘాల సభ్యులకు, పరీక్షల విభాగాల అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. కమ్యూనికేషన్, రంగస్థల కళలు కలిపి బోధించే ఒక విశ్వవిద్యాలయ విభాగంలో 19 ఏళ్లుగా వాచికం (మాట పలికే తీరు), నటన నేర్పుతున్నాను. అంతకు ముందు అదే విభాగంలో విద్యార్థినిని. గడిచిన రెండేళ్లలో అధ్యాపకులం, విద్యార్థులం కలిసి మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని ఒక వాక్యం జవాబుగా వచ్చింది. రెండోదానికి అందినట్టు సంతకం దక్కింది. మూడోది ఎవరి బల్ల మీద ఉందో ఈ రోజుకీ మాకు తెలియదు.

మా సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే చోట్ల పాఠాలు చెబుతున్న మా పూర్వ విద్యార్థులతో మాట్లాడాక, ఇది మా ఒక్కరి బాధ కాదని అర్థమైంది. అందుకే ఈ కోర్సును తన జాబితాలో పెట్టుకున్న ప్రతి విశ్వవిద్యాలయానికీ రాస్తున్నాను.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. మాది ప్రయోగశాల చదువు. దాన్ని మీరు ఉపన్యాసాల చదువుగా నడుపుతున్నారు.

తెలుగులో నాటకం ఆడటాన్నీ, పరీక్షనాళిక పట్టుకుని చేసే పనినీ ఒకే మాటతో పిలుస్తాం: ప్రయోగం. నాటకాన్ని నడిపించేవాడు ప్రయోక్త. ఈ రెండు పనులకూ ఒకే మాట ఉండటంలో అర్థముంది. కాగితం మీద ఉన్నది నిజమో కాదో చేసి చూస్తే గానీ తెలియని విద్యలు రెండూ. రసాయనశాస్త్ర విద్యార్థికి ఒక్కసారి కూడా ప్రయోగశాల తలుపు తీయకుండా పట్టా ఇద్దామంటే మీ అకడమిక్ కౌన్సిల్‌లో ఒక్క చెయ్యి కూడా లేవదు. మా విద్యార్థికి మాత్రం ఏటా అలాగే ఇస్తున్నారు. ఇందువల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో కింద వరసగా రాస్తున్నాను. ఒక్కో అంశం దగ్గరే మేం అడుగుతున్నదేమిటో కూడా చెబుతాను.

1. మాకు చోటు లేదు.

భరతుడి నాట్యశాస్త్రంలో మొదటి అధ్యాయం నాట్యం ఎలా పుట్టిందో చెబుతుంది. రెండో అధ్యాయం మొత్తం నాట్యమండపం గురించే. అభినయం ఎలా చేయాలో చెప్పడానికి ఎంతో ముందే, ఎక్కడ చేయాలో చెప్పాడాయన. వికృష్టం (దీర్ఘచతురస్రం), చతురస్రం, త్ర్యస్రం (త్రిభుజం) అని మూడు ఆకారాలు చెప్పి, మనుషులు ఆడే ఆటకు 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు చాలని కొలత ఇచ్చాడు. హస్తమంటే మోచేతి నుంచి వేలికొస దాకా. అంతకన్నా పెద్ద మండపం ఎందుకు వద్దో కూడా చెప్పాడు: పలికిన మాట స్పష్టత కోల్పోతుంది, ముఖంలోని భావం వెనక కూర్చున్నవాడికి కనబడదు. ఇన్ని శతాబ్దాల కింద చోటు గురించి ఆలోచించిన మనిషి గొంతు గురించి, కన్ను గురించి ఆలోచించాడు.

మా విభాగానికి ఒక చిన్న రంగశాల ఉండేది. నల్లగోడలు, చెక్క నేల, 80 కుర్చీలు. మూడేళ్ల కిందట దాన్ని పరీక్షల హాలుగా మార్చారు. చెక్క నేల మీద టైల్స్ వేశారు. టైల్స్ మీద దూకితే మోకాలు దెబ్బతింటుందని, పడటం, దొర్లడం నేర్పే పాఠాలు అక్కడ చెప్పలేమని ఆనాడే రాతపూర్వకంగా తెలియజేశాం. ఇప్పుడు ఏడాదిలో సగం రోజులు ఆ గదికి తాళం. తక్కిన సగం రోజుల్లో సాయంత్రం 5 గంటలకు తాళం.

ఒక విద్యార్థిని గురించి చెప్పాలి. చేరిన రోజున ఆమె పేరు చెబితే మూడో వరసలో కూర్చున్న నాకు వినబడలేదు. ఇంట్లో అరవకూడదని, బయట గట్టిగా మాట్లాడకూడదని పెరిగిన గొంతు అది. ఊపిరి దగ్గర మొదలుపెట్టాం. నేల మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకుని అది లేచి దిగడం చూసుకోవడం, పెదవులు మూసి గుంయ్‌మని నాదం పట్టడం, ఒక్కో అచ్చునూ గదిలో చివరి గోడకు తగిలేలా వదలడం. 11 వారాలకు ఆమె మాట చివరి వరసను చేరింది. అరవకుండానే చేరింది. ఆ రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది. ఆ మరుసటి వారం గదికి తాళం పడింది. మిగతా సెమిస్టర్ వరండాలో రిహార్సల్ చేశాం. పక్క తరగతికి ఇబ్బందిగా ఉందని ఫిర్యాదు వచ్చింది, అది న్యాయమైన ఫిర్యాదే. గొంతు తగ్గించమని ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా అందరూ ఆమెకు చెబుతూ వచ్చిన మాటే మళ్లీ నా నోటి నుంచి విన్నది.

మేం అడిగేది పెద్ద ఆడిటోరియం కాదు. ఖాళీగా ఉండే ఒక గది, చెక్క నేల, నల్ల తెరలు, చీకటి చేసుకునే వీలు, రాత్రి 9 దాకా మా చేతిలో తాళంచెవి. ఆ గదిని పరీక్షలకు, సమావేశాలకు కేటాయించబోమని ఒక ఉత్తర్వు.

2. పరీక్ష మా చదువును కొలవడం లేదు.

"సాత్త్వికాభినయం గురించి విపులంగా రాయుము." ఈ ప్రశ్నకు 15 మార్కులు. ఆంగికం (శరీరం), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) అనే నాలుగు అభినయాల్లో ఒంటికి పట్టడానికి ఏళ్లు తీసుకునేది సాత్త్వికం. దాన్ని మూడు పుటల్లో చక్కగా రాసి మొదటి శ్రేణి తెచ్చుకున్నవాడు వేదిక మీద నిలబడి తోటి నటుడి మాట పూర్తయ్యేదాకా వినలేకపోవడం నేను చూశాను. ఎదుటివాడి కన్నీటికి నిజంగా చలించి సభను నిశ్శబ్దం చేసిన అమ్మాయి అదే ప్రశ్నలో తప్పడం కూడా చూశాను. 70 మార్కులు రాత పరీక్షకు, 30 ప్రాక్టికల్స్‌కు అని మీరు నిర్ణయించినప్పుడు ఎవరు నిలబడతారో, ఎవరు పడిపోతారో కూడా నిర్ణయమైపోయింది.

చేతల చదువును కొలవడం అసాధ్యమని, అది పరీక్షకుడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుందని పరీక్షల విభాగం వారు మాతో అన్నారు. వైద్యవిద్య ఈ చిక్కును ఎప్పుడో విప్పుకుంది. అదీ మా విద్య సాయంతోనే. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్య అధ్యాపకుడు, జబ్బు లేని ఒక వ్యక్తికి రోగి లక్షణాలన్నీ అభినయించడం నేర్పి, విద్యార్థులు ఆ 'రోగి'ని ఎలా పరీక్షిస్తున్నారో చూశారు. ఒకే పాత్రను ప్రతి విద్యార్థి ముందూ ఒకే తీరుగా అభినయించగలగడంతో పరీక్ష అందరికీ సమానమైంది. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం మరో అడుగు వేసింది. విద్యార్థి ఒక్కో మజిలీ దగ్గర ఆగి ఒక్కో పని చేసి చూపాలి, పరీక్షకుడు ముందే సిద్ధం చేసుకున్న జాబితా ప్రకారం మార్కులు వేయాలి. ఈనాడు ఎన్నో దేశాల్లో వైద్య విద్యార్థులు ఈ పద్ధతిలో పరీక్ష రాస్తున్నారు, కాదు, చేస్తున్నారు. చెడు కబురును రోగి బంధువుకు ఎలా చెప్పాలో నటుల ఎదుట నేర్చుకుంటున్నారు. నటన నుంచి పరీక్షా పద్ధతిని వైద్యం అరువు తెచ్చుకుంటే, నటన నేర్పే విభాగంలో మాత్రం మూడు గంటల రాత పరీక్ష మిగిలింది.

మా ప్రతిపాదన మొదటి వినతిపత్రంలోనే ఉంది. ప్రదర్శన, రిహార్సల్ దినచర్య పుస్తకం, స్టేజ్ మేనేజర్ రాసుకున్న ప్రాంప్ట్ ప్రతి (కదలికలు, లైట్ల సూచనలు గుర్తుపెట్టిన నాటక ప్రతి), వైవా, వీటన్నిటికీ కలిపి 60 శాతం. ముగ్గురు పరీక్షకులు, అందులో ఒకరు బయటివారు. నాటక చరిత్రకు, నాటక సాహిత్యానికి రాత పరీక్ష ఉండాల్సిందే, దాన్ని తీసేయమని మేం అనడం లేదు. చదవని నటుడు అందరికన్నా ముందు తన పాత్రకే అన్యాయం చేస్తాడు.

3. రిహార్సల్‌ను పని గంటలుగా గుర్తించడం లేదు.

గంటన్నర నాటకానికి మా విభాగంలో 6 వారాలు, వారానికి 5 రోజులు, రోజుకు 4 గంటలు పడుతుంది. 120 గంటలు. మొదటి వారం కూర్చుని చదవడం. తర్వాత బ్లాకింగ్, అంటే వేదిక మీద ఎవరెక్కడ నిలబడాలో, ఎటు కదలాలో ఖరారు చేయడం. ఆపైన పుస్తకం వదిలేసి మాట కోసం తడుముకునే రోజులు, అవే అన్నిటికన్నా విలువైనవి. చివరి వారం లైట్లు, సౌండ్, ఆహార్యంతో టెక్నికల్ రిహార్సల్. ఈ మొత్తానికి పాఠ్యప్రణాళికలో ఉన్నది 2 క్రెడిట్లు. తరగతి గదిలో కూర్చుని నోట్సు రాసుకునే పేపరుకు 4. విద్యార్థి లెక్క తెలియనివాడు కాదు. ఎక్కడ మార్కులుంటే అక్కడికి వెళ్తాడు. రిహార్సల్‌కు ఆరుగురు రావాల్సిన చోట నలుగురు వస్తారు. వచ్చిన నలుగురూ రాని ఇద్దరి మాటలు తామే చదువుకుంటూ దృశ్యం నడుపుతారు.

గొంతు విషయంలో దీని ఫలితం మరీ దారుణం. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు పురుషుల్లో సెకనుకు సుమారు 100 నుంచి 150 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గంటసేపు మాట్లాడితే అది లక్షల్లోకి వెళ్తుంది. శ్వాస మీద పట్టు రాకముందే, సాధనకు గంటలు లేక, ప్రదర్శన దగ్గరపడ్డాక ఒక్కసారిగా బలం పెట్టి అరిచే విద్యార్థికి గొంతు బొంగురుపోతుంది. అదే అలవాటైతే స్వరతంత్రుల మీద బొడిపెలు కడతాయి. మా విద్యార్థుల్లో చాలామంది తర్వాత ఉపాధ్యాయులవుతారు, రోజంతా గొంతుతోనే బతుకుతారు. ఇక్కడ తప్పుగా అలవాటైన గొంతుతో వాళ్లు 30 ఏళ్లు పాఠాలు చెప్పాలి.

రిహార్సల్‌ను ప్రయోగశాల గంటగా గుర్తించండి. సైన్సు విద్యార్థి ప్రాక్టికల్ గంటలకు ఏ లెక్కన క్రెడిట్లు ఇస్తున్నారో మాకూ ఆ లెక్కనే ఇవ్వండి.

4. ఎవరికైనా ప్రమాదం జరిగేదాకా ఆగకండి.

మా లైట్లు చూసుకునే సాంకేతిక సహాయకుడు పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది. ఆ స్థానం భర్తీ కాలేదు. ఇప్పుడు నిచ్చెన ఎక్కి లైటు బిగించేది రెండో ఏడాది విద్యార్థి. కింద నిచ్చెన పట్టుకునేది నేను. తీగలు పాతవి, లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ పెట్టె వేడెక్కుతుంది. వెనక తలుపు దగ్గర పాత కుర్చీలు గుట్టగా పడి ఉన్నాయి. తీయమని రెండుసార్లు రాశాం.

1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరాక్వా థియేటర్‌లో పగటి ఆట నడుస్తుండగా ఒక ఆర్క్ దీపం నుంచి లేచిన నిప్పు తెరగుడ్డకు అంటుకుంది. మంటను ఆపడానికి ఉన్న ప్రత్యేకమైన తెర సగంలో ఇరుక్కుని కిందికి దిగలేదు. జనం పరుగెత్తిన తలుపులు చాలావరకు తెరుచుకోలేదు. 602 మంది చనిపోయారు. అది తెరిచి ఆరు వారాలు కూడా కాని కొత్త భవనం, మంట అంటదని ప్రకటించుకున్న భవనం. ఆ తర్వాతే ఎన్నో చోట్ల నాటకశాలల తలుపులకు, తెరలకు, దారులకు కఠినమైన నియమాలు వచ్చాయి. తోస్తే చాలు బయటికి తెరుచుకునే అడ్డకమ్మీ తలుపులు కూడా ఆ దుర్ఘటన నేర్పిన పాఠమే. రంగస్థల విద్యలో లైటింగ్, రంగాలంకరణ, వేదిక నిర్వహణ నేర్పడమంటే ప్రేక్షకుణ్ణి ప్రాణంతో ఇంటికి పంపడం నేర్పడం కూడా. మేం ఆ పాఠాన్ని పుస్తకంలో చెబుతూ, దానికి విరుద్ధమైన గదిలో పిల్లల్ని నిలబెడుతున్నాం.

సాంకేతిక సహాయకుణ్ణి వెంటనే నియమించండి. అప్పటిదాకా ఏడాదికోసారి అగ్నిమాపక తనిఖీ, విద్యుత్ తనిఖీ జరిపించి నివేదికను నోటీసు బోర్డు మీద పెట్టండి. అన్నింటికన్నా ముందు ఆ కుర్చీలు తీయించండి. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

5. కమ్యూనికేషన్‌నూ రంగస్థల కళలనూ విడదీయకండి.

కమ్యూనికేషన్‌ను మేనేజ్‌మెంట్ విభాగానికి, నాటకాన్ని సాంస్కృతిక వ్యవహారాల కమిటీకి అప్పగించే ఆలోచన ఉందని విన్నాం. విడదీస్తే రెండూ కుంటుపడతాయి.

కమ్యూనికేషన్‌ను 'సాఫ్ట్ స్కిల్స్' అనే చిన్న పొట్లంగా కట్టి అమ్మే చోట ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మాటల ద్వారా అందేది 7 శాతమే, 38 శాతం గొంతు తీరు ద్వారా, 55 శాతం ముఖం ద్వారా అందుతుందని ఎన్నో వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతారు. ఆ అంకెలు 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ సహపరిశోధకులతో కలిసి ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. ఒక ప్రయోగంలో వినిపించింది ఒకే ఒక్క పదం, 'బహుశా' అని అర్థమిచ్చే ఇంగ్లిషు మాట. దాన్ని వేరు వేరు స్వరాల్లో పలికించి, వేరు వేరు ముఖాల ఫొటోలు చూపించి, చెప్పేవాడికి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. ఇష్టాయిష్టాల గురించి, భావాల గురించి మాట్లాడే సందర్భాలకు మించి ఆ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశారు. అయినా మాటకు విలువ 7 శాతమేనని నమ్మి ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు చేతులు ఊపడం నేర్చుకుంటున్నారు, చెప్పాల్సిన విషయం సిద్ధం చేసుకోవడం లేదు. మా తరగతిలో ఈ ప్రయోగాన్ని చదివిస్తాం, ఆ వెంటనే వేదిక మీదికి తీసుకెళ్తాం. 'రా' అనే ఒక్క మాటను పిలుపుగా, బెదిరింపుగా, వేడుకోలుగా పలికిస్తాం. తర్వాత ముఖమూ స్వరమూ ఎంత బాగున్నా సరే, ఒక మందు ఎన్ని పూటలు వేసుకోవాలో మాట లేకుండా చెప్పి చూడమంటాం. రెండు చదువులూ ఒకే గదిలో ఉంటేనే ఈ పాఠం సాధ్యం.

చరిత్రలో కూడా ఇవి దగ్గర దగ్గరగానే పెరిగాయి. 1914లో అమెరికాలో ఆంగ్ల అధ్యాపకుల జాతీయ మండలి నుంచి 17 మంది వక్తృత్వ అధ్యాపకులు బయటికి వచ్చి సొంత సంఘం పెట్టుకున్నారు. మాట్లాడటం నేర్పడం వ్యాసరచనకు తోక కాదని వాళ్ల వాదన. నేటి నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ అలా పుట్టింది. అదే ఏడాది అదే దేశంలో మొదటిసారి నాటకంలో పట్టా ఇచ్చే విభాగాన్ని తెరిచింది ఏ సాహిత్య కళాశాలో కాదు, కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థ. పనిముట్లు, కార్ఖానా, చేత్తో చేసే పని అంటే ఏమిటో తెలిసిన చోట నాటకానికి తలుపు తెరుచుకోవడం నాకెప్పుడూ సహజంగానే అనిపిస్తుంది. బ్రిటన్‌లో మొదటి విశ్వవిద్యాలయ నాటక విభాగం బ్రిస్టల్‌లో 1947లో వచ్చింది.

ఈ రెండూ కలిస్తే సామాన్యుడికి ఏం ఒరుగుతుందని అడిగేవారికి బ్రెజిల్ రంగస్థల ప్రయోక్త అగస్టో బోల్ పని చూపిస్తాను. ఆయన ఫోరం థియేటర్‌లో అన్యాయానికి గురయ్యే పాత్ర ఉన్న దృశ్యాన్ని ఒకసారి ఆడతారు. రెండోసారి ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి" అని లేచి, ఆ పాత్ర స్థానంలోకి వచ్చి, తానైతే ఏం చేసేవాడో చేసి చూపవచ్చు. 1993 నుంచి 1996 వరకు రియో డి జనీరో నగర మండలి సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన ఈ పద్ధతినే శాసనాల దాకా తీసుకెళ్లారు. ఆ ప్రదర్శనల్లో జనం నుంచి వచ్చిన సూచనల్లో 13 చట్టాలయ్యాయి. ఇలాంటి పనికి వేదిక మీద నిలబడటం తెలియాలి, జనం చెప్పేది వినడం, దాన్ని కాగితం మీద పెట్టడం కూడా తెలియాలి. విడదీసిన విభాగాల్లో ఏ ఒక్కటీ ఈ మనిషిని తయారు చేయలేదు.

విలీనం, విభజన గురించి ఏ నిర్ణయమైనా మా అధ్యాపకులు, విద్యార్థి ప్రతినిధులు కూర్చున్న సమావేశంలోనే తీసుకోండి.

6. మా విద్యార్థులు వేడుకల అలంకారం కాదు.

అతిథులు వచ్చిన ప్రతిసారీ పది నిమిషాల నాటిక, స్వాగత వ్యాఖ్యానం కావాలని ముందు రోజు సాయంత్రం కబురు వస్తుంది. పిల్లలు తరగతులు మానుకుని చేస్తారు. ఆ రోజు మాత్రం హాలు తాళం తీస్తారు, లైట్లు అద్దెకు తెప్పిస్తారు. నాలుగు వారాల ముందు చెప్పండి, పాఠంలో భాగంగా చేయిస్తాం. లేదంటే కాదనే హక్కు మాకుండాలి.

7. ఉద్యోగాల లెక్క సరిచేయండి.

మీ పట్టికలో ఒకటే గడి: ప్రాంగణ నియామకాల్లో ఎంతమందికి కొలువు వచ్చింది? మా పిల్లలు అలా కుదిరే పనుల్లో తక్కువగా ఉంటారు. ఒకరు డబ్బింగ్ చెబుతారు, ఒకరు శ్రవ్యపుస్తకాలు చదువుతారు. ఒకరు ఆసుపత్రిలో వైద్య విద్యార్థుల ముందు రోగి పాత్ర వేస్తారు, ఒకరు ఆరోగ్య ప్రచారానికి నాటికలు రాస్తారు. ఎందరో బడుల్లో ఉన్నారు. పని ఒప్పందం ఒప్పందంగా వస్తుంది, నెలల మధ్య ఖాళీలుంటాయి. ఇదేమీ దాచాల్సిన విషయం కాదు. నటనతోనే ఇల్లు నడిపేవారు కొద్దిమందేనని చేరే రోజునే మేం చెబుతాం, మీ ప్రవేశ ప్రకటన కూడా చెప్పాలి. కానీ మీ గడిలో పట్టని పనిని 'నిరుద్యోగం' అని నమోదు చేసి, ఆ అంకెనే చూపించి సీట్లు తగ్గించడం అన్యాయం. పట్టా తీసుకున్న మూడేళ్ల తర్వాత ఎవరేం చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఆ సర్వే రాసిపెట్టడానికి మా కమ్యూనికేషన్ విద్యార్థులే చాలు.

8. మా వైపు తప్పులు కూడా ఉన్నాయి.

ఇది రాయకపోతే పై ఏడింటికీ విలువ ఉండదు. రిహార్సల్ గదిలో గురువు చేతిలో చాలా అధికారం ఉంటుంది. పాత్ర ఎవరికివ్వాలో ఆయనే నిర్ణయిస్తాడు. నలుగురిలో అవమానిస్తే నటన బయటికొస్తుందని నమ్మే ప్రయోక్తల దగ్గర నేనూ నేర్చుకున్నాను. ఆ అవమానం నాకు నటన నేర్పలేదు, భయం నేర్పింది. ఆ భయం పోవడానికి ఏళ్లు పట్టింది. కొత్తలో నేను కూడా ఒకరిద్దరు విద్యార్థులతో అలాగే మాట్లాడాను. వాళ్లను కలిసి క్షమాపణ చెప్పుకున్నాను. తాకాల్సిన, దగ్గరగా నిలబడాల్సిన దృశ్యాల్లో ముందుగా అడిగి, ఒప్పుకున్న హద్దుల్లోనే కదలికలు కట్టుకోవాలన్న పద్ధతి మా విభాగంలోకి ఆలస్యంగా వచ్చింది. ఇంకా కాగితం మీదికి రాలేదు.

పాత్రల ఎంపికకు రాతపూర్వక నియమాలు, రిహార్సల్‌కు ప్రవర్తనా నియమావళి, రాత్రి రిహార్సల్స్ తర్వాత విద్యార్థులు క్షేమంగా వెళ్లే ఏర్పాటు, విభాగంతో సంబంధం లేని వ్యక్తి నడిపే ఫిర్యాదుల వేదిక. ఈ నాలుగూ మా మీద పెట్టమని మేమే అడుగుతున్నాం. రాత్రి 9 దాకా తాళంచెవి అడిగినవాళ్లం ఈ బాధ్యతకు కూడా సంతకం చేస్తాం.

అయ్యా, అమ్మా, ఒక పాత సంగతి మీ దృష్టికి తెచ్చి ముగిస్తాను. హార్వర్డ్‌లో జార్జ్ పియర్స్ బేకర్ అనే ఆచార్యుడు నాటకరచన నేర్పేవారు. విద్యార్థులు రాసిన నాటకాలను ఆడి చూసుకోవడానికి '47 వర్క్‌షాప్' నడిపారు. 1914లో ఆ తరగతిలో చేరినవారిలో యూజిన్ ఓనీల్ ఒకరు. ఆయనకు 1936లో సాహిత్యంలో నోబెల్ వచ్చింది. బేకర్ తన విద్యకు పట్టా స్థాయి ఇవ్వమని హార్వర్డ్‌ను ఒప్పించడానికి చూశారు, కుదరలేదు. 1925లో యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అక్కడ నాటక విభాగాన్ని నిలబెట్టారు, దానికోసం రంగశాల కట్టారు. యేల్ నాటక విద్యాలయం పేరు ఈనాటికీ వినబడటానికి మూలం అది. ఆచార్యుడు వెళ్లగలిగాడు కాబట్టి వెళ్లాడు. మా విద్యార్థులు వెళ్లలేరు. ఫీజు కట్టేశారు, మూడేళ్లు ఇక్కడే గడపాలి, గడిచిన సెమిస్టర్ తిరిగి రాదు.

వచ్చే ప్రవేశ ప్రకటన వెలువడేలోగా పైన చెప్పిన ఒక్కో అంశానికీ అవును, కాదు, ఫలానా తేదీలోగా అని రాతపూర్వకంగా జవాబివ్వండి. జవాబు మీద ఒక అధికారి పేరు, సంతకం ఉండాలి. గది, సహాయకుడు, గంటలు ఇవ్వలేమని తేలితే, ఈ కోర్సుకు రంగశాల లేదనీ, ప్రాక్టికల్ గంటలు తక్కువనీ ఆ ప్రకటనలోనే అచ్చు వేయండి. పోయిన ఏడాది ప్రకటనలో వేసిన ఫొటో, లైట్ల వెలుగులో నిలబడ్డ అయిదుగురు విద్యార్థుల ఫొటో, ఇప్పుడు లేని గదిలో తీసినది. దాన్ని చూసి చేరిన పిల్లలు మొదటి రోజున ఆ గది ఎక్కడని నన్ను అడిగారు.

జవాబు రాసే ముందు ఒక సాయంత్రం వచ్చి చూడండి. 5 గంటలు దాటాక మూడో అంతస్తు వరండాలో, మెట్ల పక్కన ఉంటాం. ఈ నెలంతా రెండో అంకం మీద పని చేస్తున్నాం.

ఇట్లు
కమ్యూనికేషన్, రంగస్థల కళల విభాగంలో ఒక అధ్యాపకురాలు